లారా ఇంగల్స్ వైల్డర్, ఆమె ‘లిటిల్ హౌస్’ పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో తెల్లవాళ్లు పడమటి గడ్డి మైదానాల్లోకి బళ్లు కట్టుకుని వలసపోతున్న రోజుల్లో పుట్టి, ఆ బతుకునే కథలుగా మలిచిన రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ (1867–1957). ఆమె పుస్తకాలు కొత్తగా చదువుతున్నవాళ్లు, పిల్లలకు చదివి వినిపించేవాళ్లు, తెలుగులోకి తేవాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి.

మొత్తం ఎన్ని పుస్తకాలు? ఏ వరుసలో చదవాలి?

ఆమె బతికుండగా వచ్చినవి 8: ‘లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ ఉడ్స్’ (1932), ‘ఫార్మర్ బాయ్’ (1933), ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’ (1935), ‘ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్ ప్లమ్ క్రీక్’ (1937), ‘బై ద షోర్స్ ఆఫ్ సిల్వర్ లేక్’ (1939), ‘ద లాంగ్ వింటర్’ (1940), ‘లిటిల్ టౌన్ ఆన్ ద ప్రెయిరీ’ (1941), ‘దీజ్ హ్యాపీ గోల్డెన్ ఇయర్స్’ (1943). ఆమె పోయాక, 1971లో ‘ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్’ వచ్చింది. అది చిత్తుప్రతిగా మిగిలిపోయిన రచన, మెరుగులు దిద్దుకోలేదు. అందుకే పొడిపొడిగా ఉంటుంది. దానితో మాత్రం మొదలుపెట్టకండి.

అచ్చయిన వరుసలోనే చదవడం మంచిది. లారా ఎదుగుతున్నకొద్దీ పుస్తకాల భాషా ఎదుగుతుంది. మొదటి పుస్తకంలో చిన్న చిన్న వాక్యాలు, ఇంటి నాలుగు గోడలు, నాన్న వయొలిన్, తలుపు దగ్గర కాపలా కుక్క. చివరి పుస్తకాలకు వచ్చేసరికి ఊరి రాజకీయం, ఉద్యోగం, డబ్బు చింత, పెళ్లి ఆలోచన. ‘ఫార్మర్ బాయ్’ ఒక్కటే పక్కదారి. అది లారా భర్త అల్మాంజో న్యూయార్క్ రాష్ట్రంలోని మలోన్ దగ్గర గడిపిన బాల్యం గురించి. దాన్ని ఎప్పుడైనా చదువుకోవచ్చు.

ఏడెనిమిదేళ్ల పిల్లలకు మొదటి పుస్తకం రోజుకో అధ్యాయం చొప్పున చదివి వినిపిస్తే సరిపోతుంది. పెద్దవాళ్లు ఒక్కటే చదవాలనుకుంటే ‘ద లాంగ్ వింటర్’ చదవండి. ఆమె రాసినవాటిలో అంత బిగువైనది మరొకటి లేదు.

ఇవి ఆత్మకథలా, నవలలా?

నవలలే. మనుషులు, ఊళ్లు చాలావరకు నిజమైనవి. కథ అల్లిక మాత్రం ఆమెది. 1937లో డెట్రాయిట్‌లో ఒక పుస్తక ప్రదర్శనలో మాట్లాడుతూ, తాను చెప్పిందంతా నిజమేననీ, కానీ మొత్తం నిజం అది కాదనీ ఆమే చెప్పుకుంది. చాలామంది మొదటి ముక్క పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు.

ఆత్మకథ కావాలంటే అదీ ఉంది. 1930లో ఆమె తన చిన్నతనం గురించి ‘పయొనీర్ గర్ల్’ అనే పేరుతో, ‘నేను’ అంటూ రాసింది. అప్పట్లో ఏ ప్రచురణకర్తా తీసుకోలేదు. చివరికి 2014లో సౌత్ డకోటా హిస్టారికల్ సొసైటీ ప్రెస్ విస్తారమైన వివరణలతో అచ్చువేసింది. నవలలు పూర్తయ్యాక దీన్ని చదివితే ఏది ఉంచింది, ఏది తీసేసింది, ఏది ముందుకు జరిపింది అన్నది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. కథారచన నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

అయితే ఏమేం మార్చింది? ఏం దాచింది?

ముఖ్యమైనవి ఇవి.

కాలం. నిజజీవితంలో ఇంగల్స్ కుటుంబం కాన్సస్‌కు వెళ్లింది 1869లో. అప్పటికి లారాకు నిండా మూడేళ్లు లేవు. 1871లో తిరిగి విస్కాన్సిన్ అడవిలోని పాత ఇంటికే వచ్చేశారు. మొదటి పుస్తకంలో కనిపించే అడవి బతుకు చాలావరకు ఈ తిరిగొచ్చిన తర్వాతిది. పుస్తకాల్లో ముందు అడవి, తర్వాత కాన్సస్. చెల్లెలు క్యారీ నిజానికి 1870 ఆగస్టులో కాన్సస్‌లోనే పుట్టింది. పుస్తకంలో మాత్రం బయల్దేరేటప్పటికే చంటిపిల్ల. కాన్సస్ కథలో లారా చూసినట్టు వర్ణించినవాటిలో ఎక్కువ భాగం అమ్మానాన్నల దగ్గర విన్నవే.

దూరం. ఇండిపెండెన్స్ పట్టణం ఇంటికి 40 మైళ్లని పుస్తకంలో ఉంటుంది. అసలు దూరం సుమారు 13 మైళ్లే. ఆ 40 మైళ్ల లెక్క నమ్మి లారా, ఆమె కూతురు పాత ఇంటి జాగా కోసం ఓక్లహోమాలో వెతికారు.

తమ్ముడు. 1875 నవంబరులో పుట్టిన చార్లెస్ ఫ్రెడరిక్ 9 నెలల పసివాడిగానే పోయాడు. నవలల్లో అతని ఊసే లేదు.

అయోవా. 1876–77లో కుటుంబం బర్ ఓక్ అనే ఊళ్లో ఒక హోటల్లో పనిచేసింది. చివరికి అద్దె బాకీ తీర్చలేక రాత్రికి రాత్రి బండి కట్టుకుని వెళ్లిపోయారు. ఈ భాగం మొత్తం తీసేసింది. ఎప్పుడూ పడమటికే సాగే కుటుంబంగా కథ నడవాలంటే, అప్పులపాలై వెనక్కి తిరిగిన సంవత్సరం అందులో ఇమడదు.

నెల్లీ ఓల్సన్. లారాతో బడిలో చదివే ఆ గర్విష్టి పిల్ల ఒక్క మనిషి కాదు. నెల్లీ ఓవెన్స్, జెనివీవ్ మాస్టర్స్, స్టెల్లా గిల్బర్ట్ అనే ముగ్గురిని కలిపి చేసిన పాత్ర.

జాక్. నిజమైన కుక్కను కాన్సస్ వదిలేటప్పుడు గుర్రాలతోపాటు ఇచ్చేశారు. పుస్తకాల్లో అది లారాకు 12 ఏళ్లు వచ్చేదాకా బతికి, ‘సిల్వర్ లేక్’ మొదట్లో ముసలితనంతో కన్నుమూస్తుంది. ఆ చావుతో లారా చిన్నతనం ముగుస్తుంది. అది జ్ఞాపకం కాదు, కథకురాలి నిర్ణయం. అయినా అక్కడ కన్నీళ్లు రాని పాఠకులు అరుదు.

అల్మాంజో వయసు. లారాకూ అతనికీ పదేళ్ల తేడా. నవలల్లో ఆ తేడాను బాగా తగ్గించింది.

అక్క మేరీ చూపు పోవడానికి కారణంగా పుస్తకంలో స్కార్లెట్ ఫీవర్ అని ఉంటుంది. లారా ఉత్తరాలు, ఆనాటి పత్రికలు పరిశీలించిన వైద్య పరిశోధకులు 2013లో అది మెదడుకు, దాని పొరలకు సోకిన వైరస్ జబ్బు అయివుండాలని తేల్చారు.

65 ఏళ్ల వయసులో రాయడం మొదలుపెట్టిందంటారు, నిజమా?

మొదటి పుస్తకం వచ్చేనాటికి ఆమె వయసు 65 అన్నది నిజం. రాయడం అప్పుడే మొదలుపెట్టిందన్నది నిజం కాదు. 1911 నుంచి 1924 దాకా ‘మిస్సోరి రూరలిస్ట్’ అనే రైతుల పత్రికకు వ్యాసాలు రాసింది. కోళ్ల పెంపకం, పొలంలో ఆడవాళ్ల చాకిరీ, ఇరుగుపొరుగు, వంటింటి పని తగ్గించుకునే ఉపాయాలు ఆమె విషయాలు. రైతులకు అప్పులిచ్చే స్థానిక సంఘానికి కార్యదర్శిగా, కోశాధికారిగా లెక్కలూ చూసింది. పొదుపుగా, తేటగా, పనికొచ్చేలా రాయడం అక్కడ అలవాటైంది.

పుస్తకాల వైపు నెట్టినవి ఇంకొన్ని. అమ్మ 1924లో, మేరీ 1928లో పోయారు. పాత సంగతులు అడుగుదామన్నా చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. 1929 స్టాక్ మార్కెట్ పతనంలో కుటుంబం దాచుకున్న డబ్బు పోయింది. ఈ రెండో కారణాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. డబ్బు అవసరం లేకపోతే ఈ పుస్తకాలు పుట్టేవే కావేమో.

స్కూలు పిల్లలు వాడే చౌకరకం గీతల పుస్తకాల్లో పెన్సిల్‌తో రాసేది. ఆ రాతప్రతులు కొన్ని డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలో, మిస్సోరిలోని మాన్స్‌ఫీల్డ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

నిజంగా రాసింది కూతురు రోజ్ అంటారు కదా?

రోజ్ వైల్డర్ లేన్ అప్పటికే పేరున్న రచయిత్రి. అమ్మ రాతప్రతిని టైపు చేసేది, వాక్యాలు సరిచేసేది, అధ్యాయాల ఆకారం మార్చేది, ప్రచురణకర్తలతో బేరం మాట్లాడేది. ఆమే అసలు రచయిత్రి అని వాదిస్తూ 1993లో ఒక జీవితచరిత్ర కూడా వచ్చింది.

రాతప్రతులు, ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు చూస్తే ఆ వాదన నిలవదు. విషయం, మనుషులు, పని వివరాలు, చూపు లారావి. బిగువు, నడక తేవడంలో రోజ్ చెయ్యి గట్టిగానే ఉంది. ఏది ఉండాలి, ఏది ఉండకూడదన్న చోట లారా చాలాసార్లు పట్టు విడవలేదు. మేరీ అంధత్వం కథలో ఉండి తీరాలని, అంతమాత్రం విషాదం ఉంటేనే కథ జీవితానికి దగ్గరగా ఉంటుందని వాదించింది. అదే కుటుంబ జ్ఞాపకాలతో రోజ్ తన సొంత నవలలూ రాసింది, ఆ రోజుల్లో బాగా అమ్ముడుపోయాయి. ఇవాళ వాటిని చదివేవాళ్లు తక్కువ. గడ్డి వాసన, రొట్టె వాసన అమ్మ పుస్తకాల్లోనే ఉన్నాయి.

అంత కళ్లకు కట్టినట్టు వర్ణించడం ఆమెకు ఎలా అబ్బింది?

1879లో మేరీ చూపు పోయింది. ఇకమీదట అక్కకు నువ్వే కళ్లు కావాలి అని నాన్న లారాకు చెబుతాడు. ఆ రోజు నుంచి లారా చూసిందల్లా మాటల్లో పెట్టి అక్కకు చెప్పాలి. రంగు, ఆకారం, ఏది ఎటు కదులుతోంది, ఎవరు ఏం వేసుకున్నారు.

‘సిల్వర్ లేక్’లో ఒకచోట ఇద్దరూ బండిలో వెళ్తుంటారు. ముందు గడ్డిలోకి వెళ్లి దారి తెగిపోయిందని లారా అంటుంది. అలా కుదరదు, దారి సిల్వర్ లేక్ దాకా ఉంది కదా అంటుంది మేరీ. ఒకరు కనిపించింది చెబుతున్నారు, మరొకరు ఉన్నది చెబుతున్నారు. ఈ చిన్న తగువులో లారా రచనంతా ఉంది. పోలిక అందంగా ఉంటే చాలదు, కళ్లు లేనివాళ్లు కూడా దాన్ని పట్టుకుని నడవగలగాలి. ఆమె పనిని వర్ణించేటప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో వరుసగా చెబుతుంది. ఎంత బాగుందో చెప్పడానికి ఆగదు.

‘ద లాంగ్ వింటర్’లో గడ్డి పేని కాల్చడం, కాఫీ మిల్లులో గోధుమలు విసరడం నిజంగా సాధ్యమేనా?

సాధ్యమే, జరిగిందే. 1880 అక్టోబరు నడుమ మొదటి మంచు తుఫాను వచ్చింది. డకోటాలోని డి స్మెట్ అప్పుడే పుట్టిన ఊరు. బొగ్గు, కిరసనాయిలు, పిండి అన్నీ రైల్లో రావాలి. జనవరిలో రైళ్లు ఆగిపోయి మళ్లీ మే నెలలోగాని రాలేదు.

రైలు ఎందుకు రాలేకపోయిందన్నది చాలామందికి అర్థంకాని సంగతి. పట్టాలు వెళ్లేచోట మిట్టను తవ్వి కోసిన దారులుంటాయి. గాలికి కొట్టుకొచ్చిన మంచు ఆ కోతల్లో నిండి గట్టిపడుతుంది. కూలీలు పారలతో తోడి రెండు పక్కలా పోస్తారు. దాంతో గట్లు ఇంకా ఎత్తవుతాయి. మరుసటి తుఫానుకు ఆ ఎత్తు మేరకూ మళ్లీ నిండుతుంది. తవ్వినకొద్దీ లోతు పెరిగే గొయ్యి అన్నమాట.

బొగ్గు అయిపోయాక పొయ్యిలోకి ఎండుగడ్డి. వదులుగా వేస్తే భగ్గుమని ఒక్క క్షణంలో ఆరిపోతుంది. అందుకని పొడవాటి చిత్తడినేల గడ్డిని గుప్పెడు తీసుకుని తాడులా బిగించి పేనాలి. బాగా మెలిపడ్డాక నడుమ మడిస్తే రెండు పాయలూ వాటంతటవే ఒకదానికొకటి చుట్టుకుంటాయి. కొసల్ని లోపలికి దోపితే కట్టెపుల్లలా గట్టిగా తయారవుతుంది. అయినా తొందరగానే కాలిపోతుంది. ఒకరు పేనుతూనే ఉండాలి, లేకపోతే పొయ్యి చల్లారుతుంది. ఎండుగడ్డి అంచులకు అరచేతులు కోసుకుపోయి నెత్తురు కారతాయి.

పిండి అయిపోయాక విత్తనపు గోధుమలు. కాఫీ గింజలు ఆడే చిన్న చేతిమిల్లు పైన ఉన్న గిన్నెలో కొద్దిపాటి గింజలే పడతాయి. అందులో పోసి తిప్పితే కింద సొరుగులోకి ముతక పిండి రాలుతుంది. ఒక పూట రొట్టెకు సరిపడా పిండి కావాలంటే ఇంటిల్లిపాదీ వంతులవారీగా దాదాపు రోజంతా తిప్పాలి. ఈస్ట్ లేదు కాబట్టి, పిండి, నీళ్లు కలిపి పులియబెట్టిన పులుపుతోనే రొట్టె పొంగాలి. రోజూ అదే రొట్టె.

దీపానిది మరో ఉపాయం. కిరసనాయిలు అయిపోయింది. అమ్మ ఒక చదరపు గుడ్డముక్క తీసుకుని నడుమ బొత్తాం పెట్టి, గుడ్డ అంచులన్నీ పైకి లాగి, బొత్తాం పైన దారంతో బిగించి కడుతుంది. పైకి నిలబడ్డ గుడ్డను వత్తిలా పేని, దానికి గ్రీజు పూస్తుంది. బండి ఇరుసుకు రాసే గ్రీజును సాసర్లో వేసి అందులో బొత్తాన్ని కూర్చోబెడుతుంది. వెలిగిస్తే గ్రీజు కరిగి గుడ్డలోకి ఎక్కుతూ వెలుగు నిలుస్తుంది. మన ప్రమిద సూత్రమే. బొత్తాం బరువుకు వత్తి పక్కకు ఒరగదు.

ఊరికి తిండి అయిపోయాక అల్మాంజో, క్యాప్ గార్లండ్ అనే కుర్రవాడు చెరో స్లెడ్ (మంచు మీద జారే బండి) కట్టుకుని, ఎక్కడుందో సరిగ్గా తెలియని గోధుమల కోసం ప్రెయిరీలోకి, అంటే గడ్డి మైదానంలోకి వెళ్తారు. బుషెల్‌కు (సుమారు 27 కిలోలు) 1.25 డాలర్లు పెట్టి తెస్తే, పెట్టుబడి పెట్టిన కొట్టువాడు 3 డాలర్లకు అమ్మబోతాడు. ఊరు తిరగబడుతుంది. అక్కడ లారా నాన్న కేకలు వేయడు, లెక్క అడుగుతాడు. వసంతంలో మేమంతా నీ కొట్టుకే రావాలి కదా అన్న ధోరణిలో మాట్లాడి కొన్నధరకే ఇప్పిస్తాడు. ఆ అధ్యాయం తప్పక చదవండి.

ఇక్కడా ఒక మార్పుంది. ఆ చలికాలమంతా జార్జ్ మాస్టర్స్, అతని భార్య మ్యాగీ, వాళ్ల పసిబిడ్డ ఇంగల్స్ ఇంట్లోనే ఉన్నారు. నవలలో వాళ్లు లేరు. వాళ్లుంటే, లోకమంతా దూరమై ఒక్క కుటుంబం చలితో ఒంటరిగా పోరాడుతున్న భావం చెదిరిపోయేది.

బావిలో కొవ్వొత్తి దించే సన్నివేశం ఎందుకు అంత ముఖ్యం?

కాన్సస్‌లో నాన్న, పొరుగున ఉండే స్కాట్ కలిసి బావి తవ్వుతారు. రోజూ పొద్దున్నే దిగేముందు నాన్న వెలిగించిన కొవ్వొత్తిని బొక్కెనలో కిందికి దించుతాడు. వెలుగుతూ ఉంటే గాలి మంచిది, ఆరిపోతే దిగకూడదు. స్కాట్‌కు ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది. ఒకరోజు నాన్న టిఫిన్ ముగించేలోపే కొవ్వొత్తి లేకుండా దిగి స్పృహ తప్పిపోతాడు. నాన్న తాడు పట్టుకుని దిగి అతనికి కడతాడు, అమ్మా లారా కలిసి గిలక తిప్పి పైకి లాగుతారు.

కారణం సులువే. కార్బన్ డయాక్సైడ్ మామూలు గాలికన్నా బరువు, రాత్రంతా కదలిక లేని గోతిలో అడుగున చేరుతుంది. ఆక్సిజన్ తక్కువైతే మనిషికన్నా ముందు మంట ఆరిపోతుంది. అయితే కొవ్వొత్తి అన్ని విషవాయువులనూ పట్టివ్వదు, మండే వాయువుంటే ప్రమాదం కూడా. ఇవాళ పాత బావుల్లో పూడిక తీసేవాళ్లు గాలిని కొలిచే పరికరం వాడాలి. పడిపోయినవాణ్ని కాపాడదామని మరొకరు అలాగే దిగి ప్రాణాలు పోగొట్టుకోవడం మన ఊళ్లలోనూ జరుగుతున్నదే. పిల్లలకు ఈ అధ్యాయం చదివినప్పుడు ఆగి చెప్పాల్సిన సంగతి ఇది.

పుచ్చకాయలు తింటే జ్వరం వస్తుందని రాసిందేమిటి?

కాన్సస్ కథలో కుటుంబమంతా వణుకు జ్వరంతో మంచం పడుతుంది. పుచ్చకాయలు తినడమే కారణమని పొరుగావిడ తీర్పు చెబుతుంది. అది మలేరియా. దోమలే తెస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదని లారాయే అధ్యాయం చివర రాసింది. మలేరియాకూ అనాఫిలిస్ దోమకూ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. అంటే ఇంగల్స్‌వాళ్ల జ్వరానికి పాతికేళ్లు దాటాక.

వాళ్లకు క్వినైన్ ఇచ్చి కాపాడిన డాక్టర్ ట్యాన్ నిజమైన మనిషి. జార్జ్ ట్యాన్ నల్లజాతి వైద్యుడు, ఆ నేల అసలు వాసులైన ఓసేజ్ అనే ఆదివాసీ ప్రజలకూ వైద్యం చేసేవాడు.

ఓసేజ్ ప్రజల గురించి ఆమె రాసిన తీరు అభ్యంతరకరం అంటారు. పిల్లలకు చదివించవచ్చా?

అభ్యంతరం న్యాయమైనదే. ఇంగల్స్‌వాళ్లు కాన్సస్‌లో ఇల్లు కట్టుకున్నది ఓసేజ్ ప్రజల భూమిలో. అప్పటికి ఆ నేల మీద తెల్లవాళ్లకు హక్కు లేదు. మన మాటల్లో అది ఆక్రమణ. ఓసేజ్ వాళ్లు తమ ఇంట్లోకొచ్చి తిండి, పొగాకు తీసుకుపోతున్నారని పుస్తకం బాధపడుతుంది. సొంత నేల మీద వేరెవరో కట్టెలు కొట్టి, వేటాడి, పైరు వేస్తుంటే వాళ్లు అడిగింది ఒకరకంగా అద్దె. 1870లో డ్రమ్ క్రీక్ దగ్గర జరిగిన ఒప్పందంతో ఓసేజ్ ప్రజలు ఆ భూమిని అమ్మి, ఇప్పటి ఓక్లహోమాకు తరలిపోవాల్సి వచ్చింది. సైనికులు తమను వెళ్లగొడతారని ఇంగల్స్‌వాళ్లు బయల్దేరినట్టు నవల చెబుతుంది. అసలు కారణాల్లో ముఖ్యమైనది, విస్కాన్సిన్‌లో వాళ్ల ఇల్లు కొన్నవాడు డబ్బు కట్టలేకపోవడం.

మొదటి ముద్రణల్లో ఆ ప్రాంతంలో మనుషులు లేరని, ఇండియన్లే (అంటే అమెరికా ఆదివాసులే) ఉండేవారని అర్థం వచ్చే వాక్యం ఉండేది. 1952లో ఒక పాఠకుడి ఉత్తరం వచ్చాక లారా తన పొరపాటు ఒప్పుకుంది. 1953 ముద్రణ నుంచి ‘మనుషులు’ అన్నచోట ‘వలసదారులు’ అని మారింది. ‘లిటిల్ టౌన్’లో నాన్న, మరికొందరు ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్లను అనుకరించే వినోదమూ ఉంది. దాన్నెవరూ మార్చలేదు.

చదివించవచ్చు, పక్కన కూర్చుని. అమ్మ ఓసేజ్ వాళ్లను అసహ్యించుకోవడం, నాన్న కొంత గౌరవించడం, పాప లారా ‘ఇది వాళ్ల నేల కాదా?’ అన్న ధోరణిలో అడిగితే నాన్న నోరు మూయించడం, ఇవన్నీ పుస్తకంలోనే ఉన్నాయి. ఆ ప్రశ్న దగ్గర ఆగితే పిల్లలు మిగతాది వాళ్లే అందుకుంటారు. అంతకు కొన్నేళ్ల ముందు జరిగే కథను ఒజిబ్వే అనే ఆదివాసీ తెగ పిల్ల కళ్లతో చెప్పిన లూయీస్ ఎర్‌డ్రిక్ ‘బర్చ్‌బార్క్ హౌస్’ను తర్వాత చదివిస్తే ఇంకా మంచిది.

ఆమె పేరున్న అవార్డును తీసేశారా?

అవార్డు ఉంది, పేరు మారింది. అమెరికన్ గ్రంథాలయ సంఘం 1954లో ఆమె పేరిట పెట్టిన పురస్కారాన్ని 2018లో ‘చిల్డ్రన్స్ లిటరేచర్ లెగసీ అవార్డ్’గా మార్చింది. ఆ సంఘం పుస్తకాలను నిషేధించలేదు.

హోమ్‌స్టెడ్ అంటే ఏమిటి? ఉచిత భూమేనా?

1862 చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారు, లేదా కుటుంబ పెద్ద, 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రుసుము కొద్ది డాలర్లే. అయిదేళ్లు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, సాగు చేసినట్టు సాక్షులతో రుజువు చేస్తే పట్టా. ప్రభుత్వం మన 14 డాలర్లకు 160 ఎకరాలు పందెం కాస్తోంది, ఆకలికి తట్టుకుని అయిదేళ్లు నిలవలేమని దాని నమ్మకం అని ‘సిల్వర్ లేక్’లో పెద్దవాళ్లు అనుకుంటారు.

ఉచితం కానిది మిగతాదంతా. గడ్డివేళ్లు అల్లుకున్న నేలను మొదటిసారి దున్నడానికి ప్రత్యేకమైన నాగలి కావాలి. ఎడ్లు, విత్తనం, బావి, కంచె, పంట చేతికొచ్చేదాకా తిండి. వానలు తక్కువైన డకోటాలో 160 ఎకరాలతో ఒక కుటుంబం బతకడమే కష్టం. లారా, అల్మాంజోలది అదే కథ. 1885లో పెళ్లి, తర్వాత కరువు, అప్పులు, 1888లో ఇద్దరికీ డిఫ్తీరియా, దాంతో అల్మాంజో కాళ్లు దెబ్బతినడం, 1889లో పుట్టిన కొడుకు పసిగుడ్డుగానే పోవడం, ఆ ఏడు ఆగస్టులో ఇల్లు కాలిపోవడం. 1894లో మిస్సోరికి వలస.

మిడతల దండు నిజంగా అంత భయంకరంగా ఉండేదా?

ఉండేది. 1870ల నడుమ రాకీ మౌంటెన్ మిడతలు మిన్నెసోటా పంటలను వరుసగా అయిదేళ్లు మేశాయి. తిన్నదానికన్నా పెద్ద దెబ్బ, అవి నేలలో పెట్టిపోయిన గుడ్లు. మరుసటి ఏడు పైరు మొలకెత్తే వేళకే పిల్ల మిడతలు బయటికొస్తాయి. అందుకే ఒక పంట పోవడంతో ఆగలేదు. సహాయపు పిండి కోసం తన దగ్గర ఏమీ లేదని చార్లెస్ ఇంగల్స్ ప్రమాణపత్రం మీద సంతకం చేయాల్సి వచ్చింది. నవలలో ఆ సంగతి లేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాచని నాన్న అక్కడ కావాలి. ఆ జాతి మిడత తర్వాత పూర్తిగా అంతరించింది. ప్రాణాలతో చివరిసారి దొరికింది 1902లో.

టీవీ సీరియల్ చూస్తే సరిపోదా?

1974 నుంచి 1983 దాకా నడిచిన ఆ సీరియల్‌కు పుస్తకాలతో చుట్టరికం దూరపుది. అందులో మేరీకి పెళ్లవుతుంది, నిజంగా ఆమె పెళ్లి చేసుకోలేదు. పెంచుకున్న కొడుకు ఆల్బర్ట్ పూర్తిగా కల్పన.

తెలుగులోకి అనువదించాలంటే అనుమతి కావాలా?

భారత చట్టంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. లారా పోయింది 1957 ఫిబ్రవరి 10న. కాబట్టి ఆమె బతికుండగా వచ్చిన 8 పుస్తకాల పాఠానికి మన దేశంలో 2017తో గడువు తీరింది. జాగ్రత్తపడాల్సినవి నాలుగున్నాయి.

మరణానంతరం వచ్చినవాటికి గడువు ప్రచురణ తేదీ నుంచి లెక్క. ‘ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్’, ‘పయొనీర్ గర్ల్’ ముట్టుకోకండి. బొమ్మలకు వేరే హక్కులుంటాయి. అందరికీ తెలిసిన 1953 బొమ్మలు వేసిన గార్త్ విలియమ్స్ 1996లో పోయారు. కొత్త బొమ్మలు వేయించుకోండి. అమెరికాలో లెక్క వేరు, ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్లు. 1932 పుస్తకం కూడా అక్కడ 2027 చివరిదాకా స్వేచ్ఛగా వాడుకోవడానికి లేదు. ఇక్కడ అచ్చువేసి అక్కడి తెలుగువాళ్లకు అమ్మాలన్నా, ఈ-బుక్ పెట్టాలన్నా ఆ సంగతి గుర్తుంచుకోవాలి. నాలుగోది, అచ్చుకు వెళ్లేముందు ఒక కాపీరైట్ లాయరుకు చూపించండి.

అనువాదంలో ఎక్కడ చిక్కులొస్తాయి?

పేర్లు, బంధుత్వాలు తేలికే. ‘పా’, ‘మా’ అని అలాగే ఉంచితే తెలుగు చెవికి ఎబ్బెట్టు. నాన్న, అమ్మ చాలు. పిల్లలు నాన్నను ‘మీరు’ అనాలా ‘నువ్వు’ అనాలా అన్నది ముందే తేల్చుకోండి. ఈ ఇంట్లో ఉన్న చనువుకు ‘నువ్వు’ నప్పుతుంది.

‘ప్రెయిరీ’ని మైదానం అంటే చెట్లు లేని ఆ గడ్డిసముద్రం కనిపించదు. మొదటిసారి గడ్డి మైదానమని చెప్పి, తర్వాత ప్రెయిరీ అనే వాడండి. ‘స్లూ’ అంటే నీరు నిలిచి ఎత్తైన గడ్డి పెరిగే పల్లపు నేల, చిత్తడి. ‘డగౌట్’ గుహ కాదు. వాగు గట్టును తొలిచి, ముందు గోడ మట్టిగడ్డలతో కట్టి, పైన కొమ్మలు పరిచి గడ్డిమట్టి కప్పిన ఇల్లు. పైన నడిచినా అది ఇల్లని తెలియదు. ‘ప్లమ్ క్రీక్’లో ఎద్దు కాలు కప్పులోంచి దిగబడేది అందుకే. ‘హోమ్‌స్టెడ్’ను అసైన్డ్ పట్టా అంటే తప్పుదారి పడుతుంది. అసైన్డ్ భూమి అమ్మకంపై ఆంక్షలుంటాయి. హోమ్‌స్టెడ్ పట్టా చేతికొచ్చాక అమ్ముకోవచ్చు, చాలామంది అమ్ముకున్నారు కూడా.

పాటలే అసలు కష్టం. నాన్న వయొలిన్ లేని అధ్యాయాలు తక్కువ. పదం పదం తిప్పితే పాట చస్తుంది. పల్లవి ఒక్కటి పాడుకోగలిగేలా రాసి, మిగతాది ఏం పాడాడో వచనంలో చెప్పేయడం మేలు.

అమెరికాలో ఉంటున్నాం. ఆ ఊళ్లు చూడాలంటే?

మినియాపొలిస్ వైపు ఉన్నవాళ్లకు తేలిక. మొదటి పుస్తకంలోని అడవి ఇల్లు ఉన్న ప్రాంతం, మిస్సిసిపీ ఒడ్డున ఉన్న పెపిన్‌కు ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. అక్కడ ఉన్నది పాత ఇంటి నమూనా మాత్రమే. పడమటికి వెళ్తే వాల్‌నట్ గ్రోవ్. ఊరికి ఉత్తరాన ఒక పొలంలో ప్లమ్ క్రీక్ గట్టు మీద డగౌట్ ఉన్నచోట ఇప్పుడు కుంగిన గుంట ఒక్కటే మిగిలింది. పిల్లలకు ముందే చెప్పండి, ఇల్లు ఉంటుందనుకుని నిరాశపడతారు. వాగులో కాళ్లు పెట్టుకుంటే ఆ నిరాశ పోతుంది.

అక్కడినుంచి 14వ నంబరు రహదారిలో డి స్మెట్. రైల్వే సర్వేయర్ల ఇల్లు, 1879–80 చలికాలం వాళ్లు గడిపిన అసలు ఇల్లే, చూడవచ్చు. ఊరి బయట నాన్న అమ్మకూ నలుగురు కూతుళ్లకూ ఒక్కొక్కటి చొప్పున నాటిన కాటన్‌వుడ్ చెట్ల దగ్గర నిలబడితే గాలి చప్పుడు వినిపిస్తుంది. శ్మశానంలో అమ్మానాన్నలు, మేరీ, క్యారీ, గ్రేస్, లారా పేరు పెట్టకముందే పోగొట్టుకున్న కొడుకు ఉన్నారు.

లారా, అల్మాంజో, రోజ్ సమాధులు మిస్సోరిలోని మాన్స్‌ఫీల్డ్‌లో ఉన్నాయి. ఆమె కూర్చుని రాసిన రాకీ రిడ్జ్ ఇల్లు, నాన్న వయొలిన్ అక్కడే. వేసవిలో వెళ్లండి, చలికాలంలో ఈ మ్యూజియాల్లో చాలావరకు మూసి ఉంటాయి. బయల్దేరేముందు వేళలు చూసుకోండి.